ఆ వేసవి పాటలు: ఎవరి చూపు? ఎవరి చెమట?

మనకి నచ్చిన పాటకి మనం జవాబుదారులమా? రాసినవాళ్ళు వేరు, పాడినవాళ్ళు వేరు, అమ్ముకున్నవాళ్ళు వేరు. విని ఆనందించడం తప్ప మనం చేసిందేముంది? చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ స్త్రీలుగా మనం ఏ కళని ప్రేమించినా ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్న మన దారికి అడ్డంగా నిలబడుతుంది. సినిమా పాటలోనూ అంతే, జానపదంలోనూ అంతే, చివరికి మంగళహారతిలోనూ అంతే. మన పాటల గురించి మాట్లాడుకుంటే అభిమానాలు అడ్డొచ్చి చర్చ దెబ్బలాటగా మారిపోతుంది. అందుకే కాస్త దూరపు పాటలతో మొదలుపెడదామనిపించింది. అమెరికాలో 1983 వేసవిలో ఊరూరా మోగిన నాలుగు పాటలు.

ఆ వేసవిలో ‘బిల్‌బోర్డ్’ పత్రిక వారం వారం ప్రకటించే ‘హాట్ 100’ జాబితాలో మే 28 నుంచి ఆరు వారాలు ఐరీన్ కారా పాడిన ‘ఫ్లాష్‌డాన్స్... వాట్ ఎ ఫీలింగ్’ మొదటి స్థానంలో ఉంది. జూలై 9 నుంచి ఎనిమిది వారాలు ‘ది పోలీస్’ బృందం పాట ‘ఎవ్రీ బ్రెత్ యూ టేక్’ ఆ స్థానంలో కూర్చుంది. సెప్టెంబరు 3న దాన్ని దింపి యురిథ్మిక్స్ పాట ‘స్వీట్ డ్రీమ్స్’ ఎక్కింది. ఈ మధ్యలోనే డోనా సమ్మర్ పాడిన ‘షీ వర్క్స్ హార్డ్ ఫర్ ద మనీ’ ఆగస్టులో మూడో స్థానం దాకా వచ్చి ఆగిపోయింది. ఒక్క వేసవిలో ఆడవాళ్ళ కల, ఆడదాని మీద కాపలా, ఆడవాళ్ళ శ్రమ, మగవేషంలో నిలబడి తిరిగి చూసిన ఆడమనిషి, అన్నీ వరసగా వచ్చి వెళ్ళాయి.

జాబితా అనగానే అది జనం ఇష్టానికి అద్దం అనుకుంటాం. ఆ రోజుల్లో అది దుకాణాలవాళ్ళు ‘ఇది బాగా పోతోంది’ అని చెప్పిన మాటల మీదా, రేడియో స్టేషన్లు ఇచ్చిన పాటల పట్టికల మీదా తయారయ్యేది. యంత్రాలతో లెక్కపెట్టిన అమ్మకాలు అందులోకి వచ్చింది 1991లో. 1981 ఆగస్టులో మొదలైన ఎంటీవీ నల్లజాతి గాయకుల వీడియోలు దాదాపు చూపించడం లేదు. 1983 జనవరిలో డేవిడ్ బౌవీ ఆ చానెల్ ఇంటర్వ్యూలోనే కూర్చుని ఇదేమిటని నిలదీశాడు. కాబట్టి మన చెవిదాకా ఏది రావాలో ముందే కొందరు నిర్ణయిస్తున్నారు. ఇష్టం మనదే కావచ్చు, ఇష్టపడడానికి మన ముందు పరిచిన వస్తువులు మాత్రం మనం ఎంచుకున్నవి కావు. జవాబుదారీ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక ‘ది పోలీస్’ పాట. దాన్ని స్టింగ్ 1982లో జమైకాలో రాశాడు. అప్పుడు అతని మొదటి వివాహం విచ్ఛిన్నమవుతోంది. పాటలో ఒక మగవాడు తనని వదిలేసిన స్త్రీ ప్రతి కదలికనీ గమనిస్తూ ఉంటానని చెబుతాడు. దానికి 1983 ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ గ్రామీ అవార్డు వచ్చింది. పాటల హక్కుల సంస్థ బీఎంఐ 2019లో తన జాబితాలో ఎక్కువసార్లు ప్రసారమైన పాట ఇదేనని ప్రకటించింది. ఇది ప్రేమపాట కాదనీ, నిఘా గురించీ అధికారం గురించీ రాసిన చీకటి పాట అనీ రాసినవాడే ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అయినా పెళ్ళిళ్ళలో దాన్ని ప్రేమపాటగానే వేసుకుంటున్నారు.

డాలస్‌లో ఒక తెలుగు పెళ్ళి రిసెప్షన్‌లో నేనూ విన్నాను. పక్కన కూర్చున్న మా పిన్ని “ఏం పాటే అమ్మాయ్ అది? హాయిగా ఉంది” అంది. “నిన్ను ఎప్పుడూ కనిపెట్టుకుని ఉంటానంటున్నాడు పిన్నీ” అన్నాను. “ఎంత ప్రేమో! ఈ రోజుల్లో అట్లా కనిపెట్టుకుని ఉండేవాళ్ళెవరు?” అని ఆవిడ నిట్టూర్చింది.

ఆ నిట్టూర్పు నన్ను చాలాకాలం వదల్లేదు. మా పిన్ని అన్నదాంట్లో పొరపాటు ఏమీ లేదు. ‘కనిపెట్టుకుని ఉండడం’ అనే మాట మన భాషలో రెండు వైపులా పదునున్న కత్తి. జ్వరమొచ్చిన బిడ్డని తల్లి కనిపెట్టుకుని ఉంటుంది. కోడలు ఎక్కడికి వెళ్తోందో అత్తగారు కనిపెడుతూ ఉంటుంది. కాపాడడం, కాపలా రెండూ ఒక ఇంటి మాటలే. రక్షణ పేరుతో స్త్రీని తండ్రికీ, భర్తకీ, కొడుక్కీ వరసగా అప్పజెప్పిన ధర్మశాస్త్రాలకి ఈ రెంటి మధ్య తేడా కనపడలేదు. జీవితమంతా ఎవరూ తన ఒంట్లో ఎలా ఉందని అడగని స్త్రీకి, ఎవరో ఒకరు తనని కనిపెట్టుకుని ఉన్నారన్న మాటే ప్రేమలా వినిపిస్తే అది ఆమె అజ్ఞానమా? ఆమె ఆకలి అది.

అక్కడే ఉంది ఈ పాట బలం. అందమైన బాణీలో ప్రమాదకరమైన మాటలు దాచారని అంటారు కొందరు. నాకు అలా అనిపించదు. వెంటపడే మగవాడికి తన పని లోపలినుంచి ఎలా కనిపిస్తుందో ఆ బాణీ అలాగే ఉంది: మెత్తగా, బాధగా, పవిత్రంగా. తనని తాను బాధితుడనుకునే అధికారం ఎలా ఉంటుందో ఈ పాట వింటే తెలుస్తుంది. పాటలో లేనిదల్లా ఆవిడ గొంతు. ఆమె తలుపు గడియ రెండుసార్లు చూసుకుని పడుకుంటోందేమో, ఇల్లు మారిందేమో, మనకి తెలియదు. వినేవాళ్ళం అతని కళ్ళలో కూర్చుని ఆమెని చూస్తాం. లారా మల్వీ 1975లో సినిమా గురించి చెప్పిన మగచూపు రేడియోలో కూడా పనిచేస్తుందన్నమాట. ఆ చూపు ఒంటిమీద పడినప్పుడు ఎలా ఉంటుందో జయప్రభ ‘చూపులు’ కవితలో మనకి చెప్పింది. ఒకే చూపుకి అటువైపు పాట, ఇటువైపు కవిత.

1983లో అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ ఇలా వెంటాడడాన్ని నేరంగా చెప్పే ప్రత్యేక చట్టం లేదు. 1989లో ఒక యువనటిని అభిమాని ఆమె ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపాక, 1990లో కాలిఫోర్నియా మొదటి చట్టం చేసింది. బ్రిటన్ 1997లో వేధింపుల చట్టం తెచ్చింది, 2012లో వెంటాడడాన్ని పేరుపెట్టి నేరం చేసింది. మన దేశంలో 2013లో భారత శిక్షాస్మృతిలో 354డి సెక్షన్ చేరింది. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయసంహితలో 78వ సెక్షన్. అంటే ఆ పాట వచ్చిన ముప్ఫై ఏళ్ళకి గానీ మన చట్టం ఆ పనిని పేరు పెట్టి పిలవలేదు. ఈలోగా మన సినిమాల్లో ‘వెంటపడడం’ అంటే ప్రేమించడమే. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వాళ్ళలో ఒకమ్మాయి కొద్దిరోజులకే చనిపోయింది. పాటలు యాసిడ్ పోస్తాయని నేను అనను. కానీ ‘వద్దు’ అన్న అమ్మాయి మాటకి విలువ లేదని, పట్టువదలకపోతే చివరికి ఆమె ఒప్పుకుంటుందని నమ్మే గాలిని ఎవరో తయారు చేస్తారు. ఆ గాలిని మనందరం పీలుస్తాం.

మరి ఆడవాళ్ళు పాడిన పాటల సంగతి? ‘ఫ్లాష్‌డాన్స్’ పాట వింటే ఇప్పటికీ ఒళ్ళు తేలికవుతుంది. పిట్స్‌బర్గ్‌లో పగలు వెల్డింగ్ పనిచేసి, రాత్రి బార్‌లో నాట్యం చేసే అమ్మాయి కథ అది. ఒక ఆడపిల్ల తన శరీరాన్ని తనదిగా అనుభవించే సంతోషం ఆ పాటలో ఉంది. ఆ మాటల్లో కొన్ని ఐరీన్ కారా రాసినవే. 1984లో దానికి ఆస్కార్ వచ్చింది. నటనకి కాకుండా వేరే విభాగంలో ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. తనకి రావలసిన డబ్బుకోసం 1985లో రికార్డు కంపెనీ మీద దావా వేస్తే, 1993లో జ్యూరీ పదిహేను లక్షల డాలర్లు ఇవ్వాలంది. కేసు వేశాక పరిశ్రమ తనని వెలివేసిందని ఆమె చెప్పుకుంది. 2022 నవంబరులో చనిపోయింది.

తెర మీద మనల్ని ముగ్ధుల్ని చేసిన నాట్యంలో చాలాభాగం మరీన్ జహాన్ అనే నర్తకిది. సినిమా చివర వేసే పేర్లలో ఆమె పేరు లేదు. ఇక కథకి ప్రేరణ అయిన టొరంటో స్త్రీ నిజంగానే పగలు నిర్మాణ కూలీ, రాత్రి నర్తకి. 1982 డిసెంబరులో 2,300 డాలర్లు తీసుకుని ఆమె హక్కులు వదులుకుంటూ సంతకం చేసింది. సినిమా 15 కోట్ల డాలర్లకు పైగా సంపాదించింది. 2006లో అమెరికా అప్పీలు కోర్టు ఆమెకి వ్యతిరేకంగా తీర్పునిస్తూ, వెనక్కి తిరిగి చూస్తే ఒప్పందం అన్యాయంగానే కనబడుతోందనీ, కానీ మోసం జరిగిందనడానికి ఆధారం లేదనీ అంది. ఎంత నిజాయితీ గల వాక్యం! చట్టానికి సంతకం చాలు. నీతికి చాలుతుందా? స్వేచ్ఛ గురించిన పాట వెనక ముగ్గురు స్త్రీల వాటా తగ్గిపోయింది, పేరు చెరిగిపోయింది.

డోనా సమ్మర్ పాట దగ్గర ఇంకో రకం చూపు కనిపిస్తుంది. లాస్ ఏంజెలస్‌లో ఛేసెన్స్ అనే రెస్టారెంట్‌లో గ్రామీ వేడుక తర్వాత విందు జరుగుతోంది. అక్కడ ఆడవాళ్ళ బాత్‌రూమ్‌లో పనిచేసే స్త్రీ అలసిపోయి కునుకు తీస్తూ ఉండడం డోనా చూసింది. ఆ చూపులోంచి పాట పుట్టింది. ఆ పనిమనిషి పేరు, ఒనెట్టా, పాటలోనే ఉంది. ఆల్బమ్ వెనక అట్ట మీద ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు. వీడియోలో ఒంటరి తల్లి వంట, కూలి, పిల్లల మధ్య నలిగిపోతుంది. చివర్లో రకరకాల యూనిఫారాల్లో ఆడవాళ్ళు వీధిలోకొచ్చి నాట్యం చేస్తారు.

ఆ వేసవిలోనే రెండు చూపులు. ఒకటి ఆమెని వదలనంటుంది. ఇంకొకటి ఆమె అలసటని గమనించి, పేరు అడిగి తెలుసుకుంటుంది. మొదటిదానికి ఆమె తిరిగి రావాలి. రెండోదానికి ఆమె నుంచి ఏమీ అక్కర్లేదు, ఆమెకి మర్యాద ఇవ్వాలంతే. ప్రేమకీ ఆధిపత్యానికీ తేడా చెప్పమంటే నేను ఈ రెండు పాటలూ వినిపిస్తాను. రెండోదాన్ని కూడా ప్రశ్నించకుండా వదలకూడదు. పాట వల్ల వచ్చిన డబ్బూ కీర్తీ గాయనికి వెళ్ళాయి, బాత్‌రూమ్ తుడిచే ఉద్యోగం ఆ ఒక్క పాటతో మారిపోదు. మన కథల్లో పనిమనుషుల గురించి రాసుకునే మనందరికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. అయినా పేరు చెప్పడం, పేరు మింగేయడం ఒకటి కావు. ఆ రెంటి మధ్య దూరం కొలవడం నేర్చుకోకపోతే మనకి అన్నీ ఒకేలా పాపాలుగా కనిపించి, చివరికి ఏదీ పాపంగా కనిపించదు.

‘స్వీట్ డ్రీమ్స్’ వీడియోలో ఆనీ లెనాక్స్ మగవాళ్ళ సూటు వేసుకుని, నారింజరంగు పొట్టిజుట్టుతో కెమెరా కళ్ళలోకి సూటిగా చూస్తుంది. ఎనిమిది వారాలు చూపుల కింద ఉన్న స్త్రీ బదులు తొమ్మిదో వారంలో ఎదురుచూపు చూసే స్త్రీ వచ్చింది. కాకతాళీయమే అయినా నాకది ఇష్టమైన కాకతాళీయం.

ఇప్పుడు మొదటి ప్రశ్న. రాజనీతి తాత్వికురాలు ఐరిస్ మారియన్ యంగ్ అపరాధానికీ బాధ్యతకీ తేడా చెప్పింది. అపరాధం వెనక్కి చూస్తుంది, ఎవరు చేశారని వెతుకుతుంది. బాధ్యత ముందుకి చూస్తుంది, మనందరం భాగమైన ఈ ఏర్పాటుని ఎలా మార్చాలని అడుగుతుంది. పాట విని పరవశించిన పదహారేళ్ళ అమ్మాయి ఏ నేరమూ చెయ్యలేదు. ఆమె ఆనందం నిజమైనదే, దాన్ని ఆమె దగ్గర్నుంచి లాక్కునే హక్కు స్త్రీవాదానికి కూడా లేదు. ఆడవాళ్ళకి దొరికే ఆనందాలే తక్కువ, వాటి మీద మనమే ఇంకో కాపలా పెడదామా? నిషేధించమనడం నాకు అందుకే ఒప్పుదల కాదు. పాటని పారేస్తే అది నేర్పగలిగే పాఠం కూడా పోతుంది.

కానీ తెలిశాక తెలియనట్టు ఉండలేం. బాధ్యత అక్కడ మొదలవుతుంది. ప్రతి పాటనీ రెండు ప్రశ్నలు అడగొచ్చు. ఈ పాటలో ఎవరు చూస్తున్నారు, ఎవరి గొంతు లేదు? ఈ ఆనందం వెనక ఎవరి చెమట ఉంది, ఎవరి పేరు లేదు? ఈ ప్రశ్నలు అడిగితే పాట చచ్చిపోతుందని భయపడేవాళ్ళకి నా అనుభవం ఒక్కటే చెబుతాను. ‘ఫ్లాష్‌డాన్స్’ పాట వింటే ఇప్పుడు కూడా నా కాళ్ళు కదులుతాయి. కాకపోతే ఇప్పుడు ఆ నాట్యంలో నాకు నలుగురు కనిపిస్తారు.

మా పిన్ని లాంటి స్త్రీలతో మాట్లాడేటప్పుడు ఆ పాట చెడ్డదని చెప్పడం సులువు. కష్టమైన పని ఇంకొకటుంది. కాపలా లేకుండా కనిపెట్టుకుని ఉండే ప్రేమ ఎలా ఉంటుందో మన ఇళ్ళలో చూపించాలి. అలాంటి ప్రేమ తెలిసిన అమ్మాయికి ఆ పాట ఏం చెబుతోందో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. బాణీ ఎంత తియ్యగా ఉన్నా ఆమెకే వినిపిస్తుంది.