ఒత్తిడి ఎవరిది, నిర్వహణ ఎవరిది?

ఉద్యోగం చేసే తల్లులకి ఒత్తిడి నిర్వహణ గురించి చెప్పే పాఠాలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. అరగంట ముందు లేవండి, ప్రాణాయామం చెయ్యండి, రేపటి పనులన్నీ రాత్రే రాసి పెట్టుకోండి. వీటిలో చెడ్డ సలహా ఒక్కటీ లేదు. కానీ ప్రతి సలహా మరో పనే, అదీ ఆమె పనే. ఒత్తిడి ఆమె ఒంట్లో పుట్టిన జబ్బయినట్టు, మందు కూడా ఆమే నూరుకోవాలి.

2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తే, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చించారు. ఇది లెక్కకొచ్చిన శ్రమ. లెక్కకి రానిది గుర్తుపెట్టుకోవడం. పాపకి టీకా ఎప్పుడు, గ్యాస్ బుక్ చేశామా, మినప్పప్పు నానబోశామా? సెమినార్‌లో పేపర్ చదువుతున్నప్పుడు కూడా తలలో ఒక మూల ఇవి తిరుగుతూనే ఉంటాయి. "చెప్తే చేస్తాను కదా, సాయం చెయ్యనన్నానా?" అంటాడు నా సహచరుడు. నిజమే, చేస్తాడు. కానీ చెప్పడం కూడా పనే. పైగా 'సాయం' అన్న మాటలోనే ఆ పని ఎవరిదో ముందే తేలిపోయింది. తను తినే అన్నం తను వండుకోవడం ఎవరికి సాయం?

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోతుంది. చదువుకుని ఉద్యోగాల్లోకొచ్చిన మాకు పేరు గుర్తుంది, జీతం స్లిప్పు మీద ఉంది కాబట్టి. ఇంట్లో అందరివీ గుర్తుపెట్టుకునే బాధ్యత మాత్రం మా నుంచి కదల్లేదు.

చట్టం కొంత మేలు చేసింది. 2017 సవరణ ప్రసూతి సెలవుని 26 వారాలకి పెంచింది, 50 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలంది. తండ్రి సెలవు ఊసు మాత్రం అందులో లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టే ప్రశ్న వేరే ఉంది. నాకు దొరికే కాస్త ఊపిరి ఎక్కణ్ణుంచి వస్తోంది? మా ఇంట్లో గిన్నెలు తోమి, పాపని కనిపెట్టుకుని ఉండే ఆమె కూడా ఉద్యోగం చేసే తల్లే. నేను తొమ్మిదింటికి కాలేజీలో ఉండాలంటే ఆమె ఏడింటికే తన బిడ్డని అత్తకి అప్పగించి రావాలి. మా ఇల్లు ఆ 50 మంది లెక్కలోకి రాదు. అంటే నా ఒత్తిడి తగ్గలేదు, చేతులు మారింది. మగవాడి భుజం మీద పడాల్సిన బరువు మరో ఆడదాని నెత్తికెక్కింది. పనికి మనిషిని పెట్టుకోవడం తప్పని నేననను. ఆమెకి న్యాయమైన జీతం, వారానికో సెలవు, జబ్బు చేసినప్పుడు కోత లేకపోవడం మన దయ కాదు, ఆమె హక్కు అంటున్నాను. ఆమె రాని రోజున ఆ పని మళ్ళీ నా ఒక్కదాని మీదే పడితే, ఇంట్లో ఏమీ మారనట్టే.

మా ఇంట్లో స్కూలు డైరీ, టీకాల కార్డు ఇప్పుడు పాప నాన్న దగ్గరున్నాయి. వాటి సంగతి గుర్తుచెయ్యకుండా ఉండటం నాకింకా కష్టంగానే ఉంది. ఆదివారం ఆమెకి సెలవు. ఆ రోజు గిన్నెలు అతనివి.