దినములు లెక్కించుట



మన ఆయుష్కాలము కొద్దిదని దుఃఖింపవలెనా, ఆదరణ పొందవలెనా? మోషే ప్రార్థనయని పేరుగల 90వ కీర్తన మన ఏండ్లను డెబ్బదియని, బలమున్నచో ఎనుబదియని లెక్కించి, మనుష్యుని ఉదయమున మొలచి సాయంకాలమున వాడిపోవు గడ్డితో పోల్చుచున్నది. అది దుఃఖమే. బిడ్డను సమాధిచేసిన తల్లికి ఆ లెక్క చెప్పి ఓదార్పకుడి. ఆమెయొద్ద కూర్చుండి ఏడ్వుడి. యేసు కూడ లాజరు కొరకు ఏడ్చెను.

అయితే ఆ కీర్తన గడ్డితో ముగియలేదు. దేవుడే మనకు ఇల్లని ఆరంభించి, మన చేతిపని నిలుచునట్లు చేయుమను మనవితో ముగియుచున్నది. పొద్దు వాలుట చూచిన కూలివారు మిగిలిన మడిలో నాటు త్వరపడి ముగింతురు. మాటలు మానిన అన్నదమ్ములారా, పొద్దు క్రుంకకమునుపే సమాధానపడుడి. మన దినము కొద్దిది. దానిని నిలుపువాడు నిత్యుడు. మన ఆదరణ ఆయనయందే. ఆమేన్.