అరచేతిలోని నల్లమందు

మార్వాడు పల్లెలలో నల్లమందు తరతరాలుగా అతిథిమర్యాదలలో ఒకటి. పెండ్లిలోను, చావులోను నల్లమందు కలిపిన నీటిని అరచేతిలో పోసి వచ్చినవారికి అందించటం ఆచారం. పగలు మాని రాజీపడిన ఇరుపక్షాలవారు సైతం ఒకరి అరచేతినుండి ఒకరు దానిని పుచ్చుకొని సంధిని స్థిరపరచుకొనేవారు. కోపాన్ని చల్లార్చేందుకు చాచిన చేయే వ్యసనాన్నీ పంచిపెట్టింది. అట్టి సమాజం వ్యసనపరుణ్ణి ఒక్కణ్ణే దోషిగా నిలబెట్టటం న్యాయమా?

జోధ్‌పూర్ సమీపాన మాణక్‌లావ్ గ్రామంలో 1970ల చివర నారాయణసింగ్ ప్రారంభించిన శిబిరాలలో ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది. (1991లో ఆయనకు పద్మభూషణ్ లభించింది.) నల్లమందు మానదలచినవారు అక్కడ పదిమంది నడుమ, వైద్యుల పర్యవేక్షణలో మానేవారు. మొదటి మూడు నాలుగు దినాలు దుర్భరమైనవి. ఒళ్ళంతా పీకుతుంది, నిద్ర పట్టదు, కారణం లేకుండానే కోపం పొంగుతుంది. ఆ కోపాన్ని దుర్మార్గమని తిట్టే ఇంటివాడు, తెలియకనే, రోగిని తిరిగి నల్లమందు వద్దకే తోలుతాడు. అదే బాధ పడుతున్న ప్రక్కమంచంవాడు మాత్రం దానిని జ్వరంవలె ఎంచి ఓర్చుకొంటాడు.

ఇంత చేసినా, శిబిరంనుండి ఇల్లు చేరినవాడికి మరుసటి పెండ్లిలోనే మళ్ళీ ఒక అరచేయి ఎదురు కావచ్చు. వద్దంటే చిన్నబుచ్చుకొనే ఆ బంధువుకు చికిత్స చేసే శిబిరం ఏదీ లేదు.