స్వప్నమున లింగవియోగము కలుగునా?



మానవుడు తన ఆయుష్షులో మూడవవంతు నిద్రలో గడపుచున్నాడు. అరువది ఏండ్లు జీవించినవాడు దాదాపు ఇరువది ఏండ్లు నిద్రించినవాడే. మేల్కొనియున్నపుడు చేయవలసిన లింగపూజ, జంగమసేవ, కాయకము, దాసోహము మన మెరుగుదుము. మరి ఆ ఇరువది ఏండ్లు శివునివా, మనవా, లేక ఎవరివియు కాక వ్యర్థమైనవా? ఈ ప్రశ్న నాకు గ్రంథపఠనమువలన పుట్టినది కాదు. ఒక వృద్ధమాత కన్నీటితో పలికిన మాటవలన పుట్టినది.

ఆమె బాల్యముననే దీక్ష పొందినది. ఇప్పుడు డెబ్బది ఏండ్లు దాటినవి. ఒకనాడు పూజ ముగిసిన పిమ్మట నాకడకు వచ్చి ఇట్లనెను: "అయ్యగారూ! తెల్లవారుజామున ఒక కల వచ్చినది. చెరువులో స్నానము చేయుచుండగా శివదారము తెగి లింగకాయ నీటిలో జారిపోయినది. ఎంత వెదకినను చేతికి దొరకలేదు. ఉలిక్కిపడి లేచితిని. వేకువకల నిజమగునందురు గదా! కడపటి కాలమున స్వామి నన్ను విడిచిపోవునా? నాటినుండి నిద్రించుటకే భయముగా నున్నది. కూర్చుండియే తెల్లవార్చుచున్నాను."

వీరశైవునకు ఇష్టలింగము ప్రాణముకంటె ప్రియమైనది. మెలకువలోనేగాక నిద్రలోను అది దేహమును వీడియుండరాదు. కావున ఆ తల్లి భయమును చూచి నవ్వుట తగదు. "ఇది ఉత్తకల" యని త్రోసివేయుటయు తగదు. నిదానించి విచారింపవలయును.

మొదట కల యననేమో తెలిసికొందము. 1953లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞులు నిద్రలో ఒక ప్రత్యేక దశను గుర్తించి ప్రకటించిరి. ఆ దశలో మూసిన రెప్పలక్రింద కనుగ్రుడ్లు వేగముగా కదలుచుండును. మెదడు మేల్కొన్నవాని మెదడువలెనే చురుకుగా పనిచేయుచుండును. కాలుసేతుల కండరములు మాత్రము పట్టువదలి యుండును. స్పష్టమైన కలలు అధికముగా వచ్చునది ఈ దశలోనే. సుమారు 90 నిమిషముల కొకమారు ఇది తిరిగి వచ్చుచు, రాత్రి గడచినకొలది దీర్ఘమగుచుండును. తెల్లవారుజామున మిక్కిలి దీర్ఘమగును. అప్పుడు మెలకువ వచ్చినచో కల మనస్సున నిలిచియుండును. వేకువకల బలమైనదిగా తోచుటకు కారణ మిదియే. బాగుగా జ్ఞాపకముండుట వేరు, నిజమగుట వేరు.

ఈ దశలో మెదడునందు భయశోకాదులను పుట్టించు భాగము మిక్కిలి చురుకుగాను, తర్కించి నిర్ణయించు భాగము మందముగాను ఉండునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. అందుచేతనే పగటివేళ చిన్న శంకగా నున్నది కలలో పెనుభూతమగును. అంతేకాదు. 1960లో డిమెంట్ అను శాస్త్రజ్ఞుడు కొందరిని కలదశలోనికి పోనీయక మాటిమాటికి లేపి పరీక్షించెను. పిమ్మట వారిని స్వేచ్ఛగా నిద్రింపనిచ్చినపుడు ఆ దశ మునుపటికంటె అధికముగా వచ్చినది. కలకు వెరచి మేల్కొని కూర్చున్నవాడు కలను తప్పించుకొనలేడు. వాయిదా వేసి మరింత పెంచుకొనును. ఆ తల్లి చేయుచున్నది ఇదియే.

ఇక మన సిద్ధాంత మేమనునో చూతము. మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తులను చెప్పి, వాటికి అతీతమైన నాల్గవదానిని చెప్పినది. వీరశైవము ఈ అవస్థలలో దేనినిగూడ లింగములేని తావుగా విడువలేదు. స్థూలదేహమునకు ఇష్టలింగము, సూక్ష్మదేహమునకు ప్రాణలింగము, కారణదేహమునకు భావలింగము అని మూడుగా బోధించినది. దీక్షాసమయమున గురువు చేసిన పనులను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. శిరస్సుపై హస్తముంచెను, అది వేధాదీక్ష. చెవిలో పంచాక్షరి నుపదేశించెను, అది మంత్రదీక్ష. కరమున లింగము నుంచెను, అది క్రియాదీక్ష. మేల్కొనియున్న దేహమునకు మాత్రమే శివుడు కావలసియుండినచో కరమున లింగ ముంచినంతనే గురుకార్యము ముగిసియుండెడిది. కలగాంచు మనస్సునకు మంత్రమును, గాఢనిద్రలో లీనమగు కారణదేహమునకు తన స్పర్శను ఆ కరుణామూర్తి ముందే ఇచ్చియున్నాడు. కలలోని చెరువులో జారిపోవుటకు ప్రాణలింగమునకు దారము లేదు.

నే నామెను ఒక్కమాట అడిగితిని: "అమ్మా! మెలకువ రాగానే మీరేమి చేసితిరి?" ఆమె క్షణమాలోచించి "చేయి రొమ్ముపైకి పోయినది. లింగకాయ ఉన్నది. అప్పుడు కనులు తెరచితిని" అనెను. కన్నులు తెరువకముందే చేయి లింగమును వెదకినది! ఆ చేతిని కదలించిన దెవరు? బుద్ధి ఇంకను మేలుకొనలేదు. భక్తి మేలుకొన్నది. నిద్రలోగూడ నిద్రింపనిది ఆమెయందొకటి యున్నదనుటకు వేరొక ప్రమాణ మేల?

శివబంధువులారా! ఇచ్చట మనలను మనము ప్రశ్నించుకొనవలయును. పోవునేమోయను భయము ప్రియమైనదానిని గూర్చియే కలుగును. ఆమె కలలో పోయినది లింగము. మన కలలలో పోవుచున్న దేమి? ధనపు సంచియా, పదవియా, పొలము గట్టా, పరీక్షాఫలితమా? పగలంతయు మనస్సు దేనిచుట్టు తిరిగినదో రాత్రి దానినే చిత్రించును. పూర్వులు వాసనలనిన వివియే. కలలో జరిగిన తప్పు తప్పుగాదు. అచట సంకల్పమునకు స్వాతంత్ర్యము లేదు. అయినను కల చూపిన మమకారము మాత్రము మనదే. దానిని దిద్దుకొనవలసినది రాత్రి కాదు, పగలు. ఆ వృద్ధమాత తన కలను అపశకునముగా నెంచినది. నాకది ఆమె డెబ్బది ఏండ్ల నిష్ఠకు సాక్ష్యముగా తోచినది.

శరణులు స్వప్నమును తృణీకరింపలేదు. శ్రీశైలమున కదళీవనము చేరిన అక్కమహాదేవి తన స్వప్నమును ఒక వచనమున చెప్పుకొన్నది. ఇంటికి భిక్షకు వచ్చిన జడధారియందు ఆమె చెన్నమల్లికార్జునుని గుర్తించినది. ఆ కల కన్ను తెరచుటతో ముగిసినది. శరణుల కలకు ఫలము మెలకువయే. భయమున ముగియు కలనుగూడ మెలకువకు మెట్టుగా చేసికొనుట మన చేతిలోనున్నది.

సుషుప్తి మాటయో? "హాయిగా నిద్రపట్టినది, ఏమియు తెలియలేదు" అని లేచినవాడనును. ఏమియు తెలియనిచో ఆ హాయి యెవరికి తెలిసినది? అచటను సాక్షి యొకడున్నాడు. అయితే సుషుప్తిలో జీవుడు మరపుతో శివుని ఒడి చేరును. కావుననే మరల వెనుకటివాడుగానే లేచును. ఐక్యస్థలమున ఎరుకతో చేరును. మరి తిరిగి వేరుపడడు. భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్యములను ఆరుస్థలములు ఈ మరపునుండి ఎరుకకు పోవు సోపానములే.

కావున నిద్రను శత్రువుగా చూడరాదు. దేహమే దేవాలయమని బోధించిన బసవేశ్వరుడు దేహమును హింసింపుమనలేదు. కాయకముచేసి అలసినవానికి వచ్చిన నిద్రయు శివప్రసాదమే. పెద్దలకు రాత్రి కనీసము 7 గంటల నిద్ర యవసరమని నేటి వైద్యులు చెప్పుచున్నారు. శివరాత్రి జాగరణ ఏడాదికొక రాత్రి. అదియు శివచింతనకొరకే గాని, సినిమాలతోను, చేతిఫోనులతోను ప్రొద్దుపుచ్చుటకు కాదు. తక్కిన రాత్రులలో మేల్కొనవలసినది కన్ను కాదు, మనస్సు.

దానికి సాధన మేమి? కల్యాణమున బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన బసవేశ్వరునిపై ధనము జంగములకు ధారపోసెనని నింద రాగా, లెక్కచూచినపుడు ధనము సరిపోయినదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. ఏ క్షణమున అడిగినను లెక్క యప్పగింపగలవానికి నిద్రాభంగ మెక్కడిది? మనమును పండుకొనబోవుముందు ఇష్టలింగమును కరమున నుంచుకొని ఆ దినపు లెక్క చూచుకొనవలయును. నేటి కాయకము సత్యమైనదేనా? ఎవరి సొమ్మైనను నాయందు నిలిచినదా? ఎవరి మనస్సునైనను నొప్పించితినా? దిద్దుకొనదగినదానిని రేపు దిద్దుకొందునని సంకల్పించి, మిగిలినది లింగమునకు సమర్పించి, పంచాక్షరిని స్మరించుచు కన్నులు మూయవలయును. కట్టకడపటి తలపే కలకు తొలివాకిలి.

ఆ తల్లి అట్లే చేసినది. కొన్ని దినములకు కనబడగా "కల మరల వచ్చినదా?" యని అడిగితిని. "ఏమో అయ్యగారూ, నిద్ర బాగుగా పట్టుచున్నది. లేవగానే చేయి మాత్రము మునుపటివలెనే రొమ్ముపైకి పోవుచున్నది" అని నవ్వినది.

మన చేతులకును ఆ అలవాటు కలుగుగాక! మనము మరచియున్న వేళగూడ మనలను మరువని ఆ పరశివుడు అవస్థాత్రయమునందును మనలను కాపాడుగాక!

ఓం నమశ్శివాయ.