జడకట్టిన బొచ్చు, అహింసా ధర్మం

కుక్క బొచ్చులో చిక్కు తీస్తే దానికి నొప్పి పుడుతుంది. తీయకపోతే బాధ ఇంకా ఎక్కువ: జడకట్టిన చోట చర్మం అస్తమానం లాగుతుంటుంది, గాలి ఆడక చెమ్మ నిలిచి పుండు పడుతుంది. అహింస పాటించాలనుకునే మనిషి ఈ రెంటిలో దేన్ని ఎంచుకోవాలి?

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి చేలల్లో పొట్టిబొచ్చు నాటుకుక్కకు ఈ బెడద తక్కువ. పామరేనియన్ లాంటి బొచ్చుకుక్క పత్తిచేని గట్టు మీద ఒక్కసారి తిరిగొస్తే చాలు, మరులమాతంగి కాయలు, ఉత్తరేణి గింజలు చెవుల వెనక, తొడల లోపల పట్టుకుంటాయి. కాయ చుట్టూ వెంట్రుకలు మెలిపడి ముడి బిగుస్తుంది.

నొప్పి పెట్టడమే హింస అయితే అసలు దువ్వెన ముట్టకూడదు. శాస్త్రాలు అంత దూరం పోలేదు. మహాభారతం మొదట్లోనే జనమేజయుడి తమ్ముళ్లు దేవతల కుక్క సరమ కొడుకును, ఏ తప్పూ చేయని కుక్కపిల్లను, కొడతారు. తల్లి వచ్చి నిలదీసి శపిస్తుంది. అక్కడి తప్పు కారణం లేని దెబ్బ. మజ్ఝిమ నికాయంలోని అభయరాజకుమార సుత్తంలో బుద్ధుడు, పసివాడి నోట్లో పుల్లో రాయో పడితే ఏం చేస్తావని అడుగుతాడు. నెత్తురు వచ్చినా సరే వేలు పెట్టి తీస్తానంటాడు రాజకుమారుడు, బిడ్డ మీద దయ కొద్దీ. ఆ సుత్తం నడిచేది మాట గురించే అయినా, చేతిపనికీ అంతే వర్తిస్తుంది. అయితే దయ ఉంది కదా అన్న ధీమాతో మొరటుగా లాగేవాళ్లకు ఇందులో సందు దొరుకుతుంది. దాన్ని మూసింది జైనం. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఏమరుపాటుతో చేసే ప్రాణహానిని హింస అంటుంది. ఆ లెక్కన, తగ్గించగల నొప్పిని తగ్గించకపోవడమే ఇక్కడి హింస.

చిక్కు వదిలించే స్ప్రే ధర్మవిచారంలోకి వచ్చేది ఇందుకే. నూనె అంటిన వెంట్రుక పక్కదాని మీద జారుతుంది. ఒరిపిడి తగ్గితే లాగుడు తగ్గుతుంది. నీళ్లలో కాస్త కొబ్బరినూనె వేసి బాగా గిలక్కొట్టి చల్లవచ్చు. ముందే స్నానం చేయిస్తే ముడి ఇంకా బిగుస్తుంది. కాయను వేళ్లతో ఏరేసి, వెంట్రుకల కుదురు అదిమి పట్టి, కొసల నుంచి దువ్వుకుంటూ రావాలి.

ప్రకృతిసిద్ధమన్న పేరు మాత్రం ఏ పాపాన్నీ కడగదు. మిరప కూడా ప్రకృతిసిద్ధమే. కళ్లంలో కాయలు తిరగేసిన చేతులతో కుక్క కళ్ల దగ్గర తడిమితే ఏమవుతుందో గుంటూరు వైపు ఊళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కుంకుడు నురగ కళ్లు మండిస్తుంది. టీ ట్రీ నూనె కుక్కలకు విషం. కలబంద మట్ట కోస్తే కారే పసుపు రసం కడుపులోకి పోతే విరేచనాలవుతాయి. కుక్క ఒంటి మీద పూసినదాన్ని నాకక మానదు.

మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు, నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానంటాడు. తిక్కన తెలుగు చేసిన పర్వాల్లో అదొకటి. చిక్కు తీసేటప్పుడు పరీక్షకు నిలిచేది ఆ నమ్మకమే. నోరులేని జీవిని ఒప్పుకోలు అడగలేం కానీ, అది మూలిగి, తల తిప్పి, పళ్లు చూపిస్తే వద్దంటున్నదని తెలుస్తూనే ఉంటుంది. అక్కడికి ఆపి మర్నాడు మళ్లీ మొదలుపెడితే చాలా ముడులు వదులుతాయి. చర్మానికి అంటుకుపోయి దువ్వెన దూరని ముడిని గంటలకొద్దీ కూర్చుని తీయడంలో జంతువుకు మేలేమీ లేదు, తీసేవాడి పుణ్యం లెక్క తప్ప. అలాంటిదాన్ని పశువైద్యుడి దగ్గర మెషీన్‌తో గొరిగించాలి. కత్తెర పెడితే ముడితోపాటు పైకి లేచిన చర్మం తెగుతుంది.