ముందు ఎదుటివారి మాట

మా ఊరి గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రాలు గీత మీద చర్చ పెట్టుకుంటాం. మొన్న ఒక కుర్రాడు లేచి, ‘‘అంతా కర్మఫలమే అయితే పసిబిడ్డకు జబ్బెందుకండీ?’’ అన్నాడు. ‘‘నాస్తికులకి ఇక్కడేం పని?’’ అని ఒక పెద్దాయన కసిరారు. కుర్రాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ప్రశ్నను పట్టించుకోకుండా కసరడం మన పాత వాదపద్ధతి కాదు. తర్కశాస్త్ర గ్రంథమైన గౌతముడి న్యాయసూత్రాలు వాదంలో ఓడిపోయే సందర్భాలను 22గా లెక్కగట్టాయి. వాటిలో ఒకటి అననుభాషణం. అవతలివాడు మూడుసార్లు చెప్పాడు, సభకు అర్థమైంది, అయినా నువ్వు ఆ మాటను తిరిగి చెప్పలేకపోయావంటే ఓడినట్టే. ఎంత గొప్ప నియమం! శంకరుల భాష్యంలోనూ పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివారి వాదాన్ని, నిలబెట్టాకే ఖండన మొదలవుతుంది.

మెత్తగా మాట్లాడితే చాలు, అదే మర్యాద అంటారు కొందరు. నేనొప్పుకోను. నవ్వుతూనే ఎదుటివారి మాటకు లేని అర్థం అంటగట్టొచ్చు. న్యాయశాస్త్రం దాన్ని ఛలం అంటుంది. కటువుగా అడిగినా, తెలుసుకోవాలని అడిగినవాడికి దేవుడి చర్చలో చోటుండి తీరాలి.

మేమిప్పుడు ఒకటే నిబంధన పెట్టుకున్నాం. జవాబు చెప్పేవారు ముందుగా ఆ ప్రశ్నను తమ మాటల్లో చెప్పాలి. ‘‘అవును, నేనడిగింది అదే’’ అని అడిగినవారు ఒప్పుకున్నాకే జవాబు. సత్సంగాలు నడిపే పెద్దలు మీ దగ్గరా దీన్ని అమలు చేయండి.