చామనచాయకు ఏ రంగు?

మొన్న వేసవిలో వనపర్తిలో మా అక్క కూతురికి పెళ్ళిచూపులు. పిల్లది చామనచాయ. అక్కయ్య తెల్ల పౌడరు పట్టించేసరికి, చెమట తోడై ముఖం బూడిదగుమ్మడికాయలా తయారైంది! ఇరవయ్యేళ్ళ కిందట నన్నూ అలాగే కూర్చోబెట్టారు. ఆ పూట తలెత్తలేకపోయాను.

అయితే అలంకరణంతా అబద్ధమేనా? గద్వాల చీరనే చూడండి. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేస్తారు. నూలు నూలుగానే ఉంటుంది, అందమూ పెరుగుతుంది. ముఖానికీ అంతే కదా!

పిల్ల ముఖం కడిగించాను. ఎండల్లో పలచగా ఇటుకరంగు లిప్‌స్టిక్, కళ్ళకి కాటుక చాలన్నాను. ముదురు మెరూన్ చలికాలానికి దాచుకోమన్నాను. అద్దంలో చూసుకుని, "చిన్నమ్మా, ఇది నేనే!" అంది.

2020లో 'ఫెయిర్ అండ్ లవ్లీ' పేరు 'గ్లో అండ్ లవ్లీ' అయింది. డబ్బామీద మాట మారింది గాని, మన ఇళ్ళలో "కాస్త రంగు తక్కువ" అనడం మానామా? గద్వాల దగ్గర పారే నదికి నల్లనిదనే అర్థం వచ్చే పేరు. ఆ కృష్ణమ్మకి మాత్రం దణ్ణం పెడతాం!

పెళ్ళివారి కబురు ఇంకా రాలేదు. అక్కయ్య నామీద గుర్రుగా ఉంది. ఏ కబురొచ్చినా, వాళ్ళు చూసి వెళ్ళింది మా పిల్లనే.